ఆపరేషన్ ఎక్కడైనా, నడక ఇంటి దగ్గరే

మోకాళ్ళు, తుంటి కీళ్ళు అరిగిపోయి, వాటిని మార్పించుకోవడానికి ఊరు దాటి, జిల్లా దాటి, ఒక్కోసారి దేశమే దాటి వెళ్తున్న వాళ్ళ గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ముఖ్యంగా కోనసీమలో సఖినేటిపల్లి లాంటి ఊళ్ళ నుంచి వెళ్ళి, ఆపరేషన్ చేయించుకుని, వాకర్ పట్టుకుని తిరిగొచ్చే పెద్దవాళ్ళ గురించి. నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. కీలు మార్పిడి ఆపరేషన్ ఎంత దూరంలోనైనా చేయించుకోవచ్చు. ఆ కొత్త కీలుతో మళ్ళీ నడక నేర్చుకునేది మాత్రం సొంత ఇంట్లో, సొంత వాకిట్లో. అందుకని ఏ ఆసుపత్రికి వెళ్దాం అని అడిగే ముందే, తిరిగొచ్చాక మూడు నెలల పాటు ఎవరు చూసుకుంటారు అని అడగాలి. దానికి జవాబు లేకుండా బయలుదేరితే పెట్టిన డబ్బులోనూ, పడ్డ కష్టంలోనూ చాలా భాగం వృథా అయిపోతుంది.

ముందు ఊరి సంగతి చూద్దాం. సఖినేటిపల్లికి పడమటి వైపు వశిష్ఠ గోదావరి, ఆ ఒడ్డున నరసాపురం. దక్షిణాన అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలుస్తుంది. తూర్పుకు వెళ్తే రాజోలు ప్రాంతమంతా దాటాక వైనతేయ పాయ, దాని అవతల అమలాపురం. అంటే ఈ సీమ రెండు పాయలకూ సముద్రానికీ నడుమ ఉన్న దీవి. పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలంటే ఏదో ఒక పాయ దాటాల్సిందే. కొందరు రేవులో పంటు ఎక్కి నరసాపురం చేరి, అక్కడ రాత్రి రైలు పట్టుకుని హైదరాబాదు వెళ్తారు. కొందరు దిండి, చించినాడ వంతెన మీదుగా కారులో భీమవరమో విజయవాడో వెళ్తారు. ఇంకొందరు అమలాపురం, కాకినాడ, రాజమండ్రి వైపు. ఇదే సమయంలో హైదరాబాదులోని అవే కార్పొరేట్ ఆసుపత్రులకు ఒమన్, ఇరాక్, సూడాన్, టాంజానియా లాంటి దేశాల నుంచి కూడా కీళ్ళ రోగులు వస్తున్నారు. రోగికి మెడికల్ వీసా, వెంట వచ్చే వాళ్ళకు అటెండెంట్ వీసా ఇచ్చే ఏర్పాటు మన దేశంలో ఉంది. అమెరికాలో, ఇంగ్లండులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు కూడా అక్కడి ఖర్చుకు జంకో, అక్కడి నిరీక్షణకు విసిగో ఇక్కడికి వచ్చి ఆపరేషన్ చేయించుకుంటున్నారు. మస్కట్ నుంచి వచ్చినవారైనా, మన మోరి గ్రామం నుంచి వచ్చినవారైనా, డిశ్చార్జి అయిన రోజున ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఇక మీదట ఎవరు?

ఈ ఆపరేషన్ మీద అనుమానం రేపడం నా ఉద్దేశం కాదు. ఇరవయ్యో శతాబ్దపు వైద్యం మనిషికి ఇచ్చిన గొప్ప మేళ్ళలో ఇదొకటి. ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ 1962లో చేసిన తుంటి మార్పిడి నమూనాతో ఆధునిక పద్ధతి నిలదొక్కుకుంది. 1970ల్లో మోకాలికి కూడా నమ్మదగిన కృత్రిమ కీళ్ళు వచ్చాయి. మన ఊళ్ళలో చిప్పలు మార్చారంటారు గానీ, చిప్ప మొత్తాన్ని తీసెయ్యడం ఇందులో ఉండదు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం అరిగిన మేరకు పలచగా కోసి, వాటికి లోహపు తొడుగులు వేస్తారు. ఆ రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ పలక అమరుస్తారు. ఇది ఎన్నాళ్ళు మన్నుతుందన్న దానికి పక్కా లెక్కలున్నాయి. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, పూర్తి మోకాలు మార్పిళ్ళలో సుమారు 82 శాతం, తుంటి మార్పిళ్ళలో సుమారు 58 శాతం పాతికేళ్ళ తర్వాత కూడా పనిచేస్తూనే ఉంటాయి. అరవై అయిదేళ్ళ మనిషికి ఇది దాదాపు జీవితకాలపు భరోసా. అయితే పాశ్చాత్య దేశాల్లో జరిగిన అధ్యయనాల్లో మరో సంగతి కూడా పదే పదే తేలింది. మోకాలు మార్పించుకున్న ప్రతి అయిదుగురిలో దాదాపు ఒకరు, ఏడాది గడిచినా ఫలితం పట్ల పూర్తి తృప్తితో లేరు. లోపల కీలు సరిగ్గానే ఉన్నా మనిషి తృప్తిగా లేకపోవడానికి కారణాలు చాలా ఉండవచ్చు. వాటిలో మన చేతిలో ఉన్న పెద్ద కారణం ఆపరేషన్ తర్వాతి వారాలు.

ఆ వారాల్లో శరీరంలో ఏం జరుగుతుందో చూడండి. తొడ ముందు భాగంలో ఉండే పెద్ద కండరమే మోకాలిని చాచి నిలబెడుతుంది. ఆపరేషన్ అయిన మొదటి నెలలో దాని బలం, అంతకు ముందున్న దానిలో సగం కంటే దిగువకు పడిపోతుంది. వాపు, నొప్పి వల్ల మెదడు ఆ కండరాన్ని పూర్తిగా బిగించనివ్వదు. మరోపక్క కోసిన చోట లోపల మచ్చ కణజాలం అల్లుకుంటూ ఉంటుంది. కాలు కదుపుతూ ఉంటే అది సాగుతూ అల్లుకుంటుంది, కదపకుండా ఉంచితే బిగిసి గట్టిపడిపోతుంది. కుర్చీలోంచి ఇబ్బంది లేకుండా లేవాలన్నా, మెట్లు దిగాలన్నా మోకాలు 90 డిగ్రీలకు పైగా వంగాలి. నిలబడ్డప్పుడు పూర్తిగా చాపుకోవాలి. ఈ రెండూ మొదటి ఆరు వారాల్లో దక్కించుకోవాలి. దక్కకపోతే మళ్ళీ మత్తు ఇచ్చి కాలు వంచాల్సి వస్తుంది, అది కూడా దాదాపు మూడు నెలల లోపు అయితేనే బాగా పనిచేస్తుంది. ఆ గడువు దాటితే బిగుసుకున్న మోకాలిని సరిచేయడం చాలా కష్టం. నారు ఎంత మంచి మడిలో పెంచినా, ఊడ్చిన తర్వాత నీరు కట్టి చూసుకునే మనిషి లేకపోతే చేను నిలబడదని గోదావరి రైతుకు చెప్పనక్కర్లేదు. కీలు మార్పిడి కూడా ఊడ్పు లాంటిదే.

ఇప్పుడు ఆ మనిషి ఇంట్లోకి వెళ్దాం. ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మమ్మను మంచం మీద పడుకోబెట్టి, నొప్పిగా ఉందని మోకాలి కింద మెత్తటి దిండు పెడతారు. చాలా ఇళ్ళలో ప్రేమతో చేసే మొదటి పొరపాటు ఇదే. దిండు మోకాలి కింద ఉంటే కాలు వంగినట్టే ఉండిపోయి, కొన్నాళ్ళకు చాపుకోవడమే కష్టమవుతుంది. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టి, మోకాలిని మంచానికి అదిమి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. రోజుకు కొన్ని విడతలుగా ఇదే చేయాలి. రెండో పొరపాటు పథ్యం. పప్పు పెడితే చీము పడుతుందని, గుడ్డు వేడి చేస్తుందని, చేప పనికిరాదని చారన్నంతో సరిపెడతారు. గాయం మానడానికీ, కరిగిన కండ తిరిగి పట్టడానికీ కావలసిందే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, చేప మానిపిస్తే మందే మానిపించినట్టు. మూడోది అతి విశ్రాంతి. పెద్దావిడను మంచం దిగనివ్వకపోవడం మన ఇళ్ళలో మర్యాద. కొత్త కీలుకు అదే చేటు. అరుగు మెట్లకు కూడా ఒక పద్ధతి ఉంది. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ అయిన కాలు ముందు. ఈ మాట ఆసుపత్రిలో చెప్పే ఉంటారు. మత్తు, నొప్పి, హడావుడి మధ్య విన్న మాట ఇంటికి వచ్చేసరికి గుర్తుండదు. మెట్టు దగ్గర పక్కన నిలబడి రెండు రోజులు చెప్పే మనిషి ఉంటే మూడో రోజుకు కాలికి అలవాటవుతుంది. వ్యాయామాల పట్టిక రాసిన కాగితం ఆ పని చేయలేదు.

ఇక దూరం వల్ల వచ్చే చిక్కులు. పది, పద్నాలుగు రోజులకు కుట్లు తీయించుకోవాలి. నాలుగు కుట్ల కోసం మళ్ళీ రేవు ఒడ్డు వాలులో వాకర్‌తో దిగి పంటు ఎక్కడమా, లేక గంటల కొద్దీ కారులో కాలు వేలాడేసుకుని కూర్చోవడమా? ఆపరేషన్ తర్వాత కొన్ని వారాల పాటు కాలి రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదం ఉంటుంది. అందుకే రక్తం పలచబడే మందులు ఇస్తారు, కదలకుండా గంటల తరబడి కూర్చోవద్దంటారు. పిక్క ఉన్నట్టుండి వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా ఆ గంటే ఆసుపత్రికి వెళ్ళాలి. గాయం ఎర్రబడి రసి కారినా, జ్వరం తగ్గకపోయినా ఆపరేషన్ చేసిన డాక్టరుకు వెంటనే తెలియాలి. మన దగ్గర సాధారణంగా జరిగేది వేరు. ఊళ్ళోని ఆర్ఎంపీ వచ్చి యాంటీబయాటిక్ మాత్రలు మొదలుపెడతారు. కీలులో నీరు తీసి ఏ సూక్ష్మక్రిమో పరీక్షించకముందే మందు పడితే ఆ క్రిమి పరీక్షలో దొరక్కపోవచ్చు. తర్వాత చికిత్స చీకట్లో వెతుకులాట అవుతుంది. తప్పు ఆ ఆర్ఎంపీ మీద నెట్టి ఊరుకుంటే లాభం లేదు. పిలిస్తే వచ్చే మనిషి ఆయనొక్కడే కాబట్టి ఆయన వచ్చాడు. వరదల కాలం సంగతి కూడా ఆలోచించండి. జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి నీరు ఎక్కువగా వస్తే పంటు ఆగిపోతుంది, లంక గ్రామాల్లో వీధుల్లోకి పడవలు వస్తాయి. 2022 జూలైలో అలాగే అయింది. ఆ నెలల్లో వాకర్ మీద ఉన్న మనిషి లంకలో ఇరుక్కుంటే పరిస్థితి ఏమిటి? అత్యవసరం కాని ఈ ఆపరేషన్‌ను వరదలు వెళ్ళాక పెట్టుకోవడం ఖర్చు లేని జాగ్రత్త.

కోనసీమలో ఈ సమస్యకు ఇంకో ముఖం ఉంది. ఇక్కడి ఇళ్ళ నుంచి కువైట్, దుబాయ్, మస్కట్, దోహాలకు వెళ్ళి పనిచేస్తున్న ఆడవాళ్ళు, మగవాళ్ళు చాలామంది. హైదరాబాదుకూ అమెరికాకూ చదువుకుని వెళ్ళిన పిల్లలు మరికొందరు. తల్లి మోకాళ్ళ ఆపరేషన్‌కు డబ్బు వచ్చేది వాళ్ళ దగ్గర్నుంచే. కువైట్‌లో మరొకరి ఇంట్లో మరొకరి తల్లికి సేవ చేస్తూ కూతురు పంపిన డబ్బుతో ఇక్కడ తల్లికి కొత్త కీళ్ళు వస్తాయి. మడమ కింద తువ్వాలు పెట్టడానికి మాత్రం ఆ కూతురు ఉండదు. అమెరికా నుంచి వచ్చే కొడుకు రెండు, మూడు వారాల సెలవు తెచ్చుకుంటాడు. ఆపరేషన్, డిశ్చార్జి, కుట్లు తీయించడం అన్నీ ఆ సెలవులోకే కుక్కుతారు. అసలైన కష్టం మొదలయ్యే మూడో వారంలో అతను విమానం ఎక్కుతాడు. తల్లిదండ్రుల్ని అక్కడికే తీసుకెళ్ళి చేయిద్దామంటే, సందర్శకుల బీమాలు ముందునుంచీ ఉన్న జబ్బులకు సాధారణంగా వర్తించవు. ఇక్కడికి వచ్చి ఆపరేషన్ చేయించుకునే ప్రవాసులకు తిరుగు ప్రయాణమే ఒక గండం. కీలు మార్పిడి తర్వాత ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా సుదూర విమాన ప్రయాణం వద్దని వైద్యులు సాధారణంగా చెబుతారు. అమెరికా మెడికేర్ విదేశాల్లో చేయించుకున్న వైద్యానికి సాధారణంగా డబ్బివ్వదు. మరి రెండు వారాలకే తిరుగు టికెట్ కొనుక్కుని వచ్చేవారు దేన్ని నమ్ముకుని కొంటున్నట్టు? డబ్బు సముద్రాలు దాటి వస్తుంది, చేతి సాయం దాటి రాలేదు. పిల్లల ప్రేమకు ఇక్కడ లోటు లేదు. ఆ ప్రేమ తరఫున పనిచేసే చేతులను ఊళ్ళో ఏర్పాటు చేయాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు చిన్నవేమీ కావు. మొదటిది, సర్జను చేతి నేర్పు అన్నిటికంటే ముఖ్యం కదా, దగ్గర అని చిన్నచోట చేయించుకుంటే ఎలా అని. నిజమే. ఏటా ఎక్కువ సంఖ్యలో ఈ ఆపరేషన్లు చేసే సర్జన్ల దగ్గర, ఆసుపత్రుల దగ్గర ఫలితాలు మెరుగని చాలా దేశాల లెక్కలు చెబుతున్నాయి. ఇంగ్లండులో పనిచేసి వచ్చిన డాక్టర్ గురవారెడ్డి లాంటి వారు హైదరాబాదులో పెద్ద కీళ్ళ మార్పిడి కేంద్రాలను నిలబెట్టడం వల్లే కదా, ఒకప్పుడు విదేశాలకు వెళ్తేనే దొరికే వైద్యం ఇవాళ ఒక రాత్రి రైలు ప్రయాణంలో దొరుకుతోంది. అందుకే దూరం వెళ్ళవద్దని నేను అనడం లేదు. ఎంపికలో తూకం సరిచూసుకోమంటున్నాను. ఇవాళ హోర్డింగుల మీద రోబో సర్జరీ బొమ్మలు కనిపిస్తున్నాయి. రోబో వల్ల కోత కొలత కచ్చితంగా వస్తుందన్నది నిజం. అయితే ఏళ్ళు గడిచాక మనిషి నడకలో పెద్ద తేడా ఉంటుందన్నది ఇంకా గట్టిగా రుజువు కాలేదు. ఆ హంగు కోసం అదనంగా కట్టే డబ్బులో కొంత భాగం చాలు, మూడు నెలలు ఇంటికి ఫిజియోథెరపిస్టును పిలిపించుకోవచ్చు. రెండు మోకాళ్ళూ ఒకేసారి చేయించుకుంటే ప్రయాణం కలిసొస్తుందనే ఆలోచన కూడా ఉంది. గుండె, ఊపిరితిత్తుల మీద భారం అప్పుడు ఎక్కువ. ఆ నిర్ణయం రోగి వయసును, ఆరోగ్యాన్ని బట్టి డాక్టరు తీసుకోవాలి. రైలు టికెట్లు దాన్ని తేల్చకూడదు.

రెండో అభ్యంతరం, అయితే నగరంలోనే పునరావాస కేంద్రంలో నెలరోజులు ఉండిపోతే పోలేదా అని. ఉండగలిగిన వాళ్ళకు, ఇంట్లో ఎవరూ లేనివాళ్ళకు అది మంచి దారే. అందరికీ అది అవసరమా అన్న దానికి మంచి రుజువు ఒకటి ఉంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 165 మంది మోకాలు మార్పిడి రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. కొందరిని ఆపరేషన్ తర్వాత పది రోజులు పునరావాస ఆసుపత్రిలో ఉంచి, ఆ తర్వాత ఇంటి వ్యాయామాలకు పంపారు. కొందరిని నేరుగా ఇంటికే పంపి, పర్యవేక్షణతో వ్యాయామాలు చేయించారు. ఆరు నెలల తర్వాత ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిచి చూస్తే రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే తీవ్రమైన చిక్కులు లేని మనిషికి ఇల్లు ఆసుపత్రికి తీసిపోదు. అయితే ఆ పరీక్షలో ఇంటికి వెళ్ళిన వాళ్ళను ఊరికే వదిలెయ్యలేదన్నది మరవకూడదు. పర్యవేక్షణ ఉంది, లెక్క ఉంది, అడిగే మనిషి ఉన్నాడు. మన దగ్గర ఇల్లు ఉంది, ఆ అడిగే మనిషి లేడు.

మూడో అభ్యంతరం ఫోను. వీడియోలు బోలెడు ఉన్నాయి, మనవడు చూపిస్తాడు, అమ్మమ్మ చేస్తుంది, ఇంకేం కావాలి అంటారు. ఫోను పనికొస్తుంది, అందులో సందేహం లేదు. కెనడాలోని క్యూబెక్‌లో 205 మంది రోగుల మీద చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో, ఇంట్లోనే తెర మీద ఫిజియోథెరపిస్టుతో మాట్లాడుతూ వ్యాయామం చేసినవాళ్ళు, ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి చేయించినవాళ్ళకు తీసిపోలేదు. ఫైబర్ నెట్ వచ్చిన మన ఊళ్ళకు ఇది శుభవార్త. కానీ అక్కడ తెర అవతల ఉన్నది ఆ రోగి చరిత్ర తెలిసిన నిపుణుడు. అందరికీ ఒకటే చెప్పే రికార్డు వీడియో అది కాదు. నొప్పి ఎంతవరకు ఓర్చుకోవాలో, ఎక్కడ ఆగాలో రోగికి ఎవరో ఒకరు చెప్పాలి. భయపడి తక్కువ చేసేవాళ్ళు ఉంటారు, మొండిగా ఎక్కువ చేసి వాపు తెచ్చుకునేవాళ్ళు ఉంటారు. కోణం కొలిచే చిన్న స్కేలు మోకాలి పక్కన పెట్టి, పోయిన వారం 70 ఉంది, ఈ వారం 85 వచ్చింది అని చెబితే రోగికి వచ్చే ధైర్యం ఏ వీడియోతోనూ రాదు. అందుకని వారానికి ఒకసారి చేత్తో పట్టి చూసే మనిషి, మిగతా రోజుల్లో తెర మీద పలకరించే నిపుణుడు, ఈ రెండూ కలిస్తే మన ఊళ్ళకు సరిపోయే పద్ధతి తయారవుతుంది.

నాలుగోది మరింత మౌలికమైన ప్రశ్న. నొప్పి ఉన్న ప్రతివాళ్ళకూ ఆపరేషన్ అవసరమా? ఊడ్పుల్లో నడుములు వంచి బురదలో గంటలు గంటలు నిలబడ్డవాళ్ళు, కొబ్బరికాయ వలిచినవాళ్ళు, బరువులు మోసినవాళ్ళు, కింద కూర్చుని లేచే ఇంటి పని జీవితమంతా చేసిన ఆడవాళ్ళు, వీళ్ళందరికీ అరవై దాటేసరికి మోకాలి నొప్పులు వస్తున్నాయి. మోకాళ్ళ అరుగుదల మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. డెన్మార్కులో వంద మంది మీద చేసి 2015లో ప్రచురించిన పరీక్ష ఇక్కడ చెప్పుకోవాలి. సగం మందికి మోకాలు మార్చి, ఆ తర్వాత పన్నెండు వారాలు వ్యాయామం, ఆహార సలహా, శిక్షణ ఇచ్చారు. మిగతా సగం మందికి ఆపరేషన్ లేకుండా అవే ఇచ్చారు. ఏడాది తర్వాత ఆపరేషన్ అయినవాళ్ళకే నొప్పి ఎక్కువగా తగ్గింది. అదే సమయంలో తీవ్రమైన చిక్కులు కూడా వాళ్ళలోనే ఎక్కువ. ఆపరేషన్ లేని గుంపులో ఆ ఏడాదిలో ఆపరేషన్ దాకా వెళ్ళింది నాలుగో వంతు మందే. దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. బాగా అరిగిపోయిన మోకాలికి ఆపరేషన్ నిజంగా మేలు చేస్తుంది. అంతవరకు రాని మోకాలికి సరైన వ్యాయామం ఏళ్ళ తరబడి గడువు ఇవ్వగలదు. ఊళ్ళో ఫిజియోథెరపిస్టు ఉంటే ఒకే మనిషి ఆపరేషన్ వాయిదా వేయించగలడు, అవసరమైతే ముందే కండరాలను సిద్ధం చేయగలడు, తిరిగొచ్చాక నడిపించగలడు. పక్షవాతం వచ్చినవాళ్ళకు, కొబ్బరిచెట్టు మీద నుంచి పడినవాళ్ళకు కూడా ఆ మనిషే దిక్కు. కీళ్ళ మార్పిడి కోసం చేసే ఏర్పాటు ఊరంతటికీ పనికొస్తుంది.

చివరి అభ్యంతరం డబ్బుది. పేదవాళ్ళకు ఆపరేషనే అందనప్పుడు తర్వాతి సేవల గురించి మాట్లాడటం విలాసం కాదా అని. ప్రభుత్వం తలచుకుంటే ఏం చేయగలదో ఈ రంగంలోనే మనం చూశాం. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్ల ధరలకు పరిమితి పెట్టింది. అప్పటిదాకా సగటున లక్షా యాభై ఎనిమిది వేల రూపాయలు ఉన్న కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంటు ధర పన్నులు కాక 54,720 రూపాయలకు దిగింది. లోహానికి ధర కట్టగలిగిన దేశం, ఆ లోహాన్ని నడిపించే మూడు నెలల సేవకు ధర కట్టలేదు, పద్దు పెట్టలేదు. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బీమా డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు భరిస్తుంది. కుట్లు తీసే నాటికి ఆ గడువు అయిపోతుంది. అసలు నడక అప్పుడే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండా ఇచ్చే పథకం పెట్టారు. కోలుకునే రోజులు కూడా వైద్యంలో భాగమే అని ప్రభుత్వం ఒప్పుకున్న ముఖ్యమైన అడుగు అది. ఆ ఆలోచననే డబ్బు దగ్గర ఆపకుండా సేవ దాకా తీసుకెళ్ళాలి. ఇంటికి వెళ్ళి చూసే వైద్యం మన దేశంలో సాధ్యం కాదనేవాళ్ళు కేరళను చూడాలి. 1990ల్లో కోళిక్కోడ్‌లో మొదలైన ఉపశమన సేవ, 2008లో రాష్ట్ర విధానంగా మారి, స్థానిక సంస్థల ఆధ్వర్యంలో నర్సులు మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళే వ్యవస్థగా ఎదిగింది. మన దగ్గర కూడా గ్రామ ఆరోగ్య కేంద్రాలు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. వాళ్ళకు మోకాలి కోణం కొలవడం, గాయం చూసి ప్రమాద సూచనలు పట్టడం నేర్పడం కష్టమేమీ కాదు. విఫలమైన మోకాలికి మళ్ళీ చేసే ఆపరేషన్ ఖర్చు మొదటి దానికంటే ఎక్కువ. పేదవాడి విషయంలో మొదటిసారే సరిగ్గా నిలబెట్టడం పొదుపే అవుతుంది.

కాబట్టి నా విన్నపం ముగ్గురికి. మొదటిది కుటుంబాలకు. అడ్వాన్సు కట్టే ముందు ఆసుపత్రిని నాలుగు ప్రశ్నలు అడగండి. ఇంటికి వెళ్ళాక ఫిజియోథెరపీ ఎవరు చేయిస్తారు, దాని ఖర్చు ప్యాకేజీలో ఉందా? కుట్లు దగ్గర్లో తీయించుకోవడానికి రాజోలులోనో అమలాపురంలోనో నరసాపురంలోనో ఎవరికి ఉత్తరం రాసిస్తారు? రాత్రిపూట జ్వరం వస్తే ఫోను ఎత్తేది ఎవరు? వేసిన ఇంప్లాంటు వివరాల స్టిక్కర్లున్న కాగితం మా చేతికి ఇస్తారా? సూటిగా జవాబు చెప్పని ఆసుపత్రికి ఎంత పేరున్నా మరోసారి ఆలోచించండి. విదేశాల్లో ఉన్న పిల్లలు సెలవును ఆపరేషన్ రోజుకు కాకుండా ఆ తర్వాతి వారాలకు కుదుర్చుకోండి. కుదరకపోతే పంపే డబ్బులో మూడు నెలల సంరక్షణ వాటా ముందే తీసి పక్కన పెట్టండి. బయలుదేరకముందే ఇంట్లో ఎత్తయిన మంచం, చేతులున్న కుర్చీ, కమోడ్, మెట్ల దగ్గర పట్టుకోవడానికి కడ్డీ అమర్చండి. రెండో విన్నపం ఆసుపత్రులకు. గోదావరి జిల్లాల నుంచి ఇంతమందిని రప్పించుకుంటున్నప్పుడు, వాళ్ళ ఊళ్ళలోని ఫిజియోథెరపిస్టులతో ఒప్పందం పెట్టుకుని, డిశ్చార్జి కాగితంతో పాటు వాళ్ళ పేరు, ఫోను నంబరు ఇవ్వడం మీ బాధ్యత. మూడోది ప్రభుత్వానికి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ వైద్య వృత్తుల చట్టం ఫిజియోథెరపీకి గుర్తింపునిచ్చింది. మండలానికి ఒక ఫిజియోథెరపిస్టును నియమించి, వారం వారం గ్రామాలు తిరిగేలా చేయడం దాని తర్వాత వేయవలసిన సహజమైన అడుగు. పాయల నడుమ ఉన్న రాజోలు సీమ నుంచి, సఖినేటిపల్లి మండలం నుంచి దాన్ని మొదలుపెట్టడం న్యాయం. రోగిని ఆపరేషన్‌కు తీసుకెళ్ళే దారులు మనకు ఇప్పటికే చాలా ఉన్నాయి. తిరిగొచ్చిన రోగి గుమ్మం దాకా వైద్యాన్ని తెచ్చే దారి వేయమని ఇక్కడి పంచాయతీలు తీర్మానాలు చేసి అడగాలి. ఓట్లడగడానికి వచ్చే వాళ్ళను ప్రతి ఇల్లూ అడగాలి. జీవితమంతా మన కోసం నిలబడి పనిచేసిన పెద్దవాళ్ళు మళ్ళీ తమ కాళ్ళ మీద తాము నిలబడేదాకా తోడుండటం మనందరి బాధ్యత.